ఏడో బోనులో పాత పొట్టు

ఇమొజెన్ డాక్టరుగారికి ఎలుకల గది చూసుకునే ముసలాడు రాసుకునేది.

నాలుగేళ్ల కిందట ఎలుకల పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను మందుతో చంపేశాం. వాటి డీఎన్ఏ తగలక జబ్బులను అడ్డుకునే ఒంటి కాపలా కునుకు తీసింది, చిన్న జబ్బుకే ఎలుకలు చచ్చాయి. ఆ డీఎన్ఏ ఒక్కటే తాగించాక ఏడో బోను బతికింది. "చూశావా తాతా, బతికున్న సూక్ష్మజీవులతో పనే లేదు!" అని మీరు గంతేశారు.

అంతకుముందు ఆదివారం ఏడో బోను ఎలుకల అవస్థ చూడలేక, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల కింద పరిచిన పాత పొట్టు, పెంటికలతో సహా, అందులో వేశాను. పెంటికలు తినే జాతి కదా, బతికున్న సూక్ష్మజీవులే లోపలికి పోయాయి. మీకు చెప్పలేదు.

అదే డీఎన్ఏ తాగించినా, పొట్టు వేయని ఎనిమిదో బోనులో అన్నీ చచ్చాయి. నీటిసీసా కారి చచ్చాయని పుస్తకంలో రాసింది నేనే. సీసా కారలేదు.

రేపు బ్రిస్బేన్ ఆసుపత్రి వార్డులో, అలాగే మందులతో సూక్ష్మజీవులు పోయిన పసివాళ్లకు మిగతా వైద్యం ఆపి, ఆ డీఎన్ఏ ఒక్కటే ఇస్తారట. ఆపండి. వాళ్లంతా ఎనిమిదో బోనే, డాక్టరుగారూ.