నాన్న నాణెం మీది ఆకురాయి గీతలు

నవంబరు 21, 1983

చిరంజీవి తమ్ముడు విల్మర్‌కి అన్న ఇర్విన్ దీవించి రాయడం ఏమంటే, ఇక్కడ నేనూ కుక్కా బాగానే ఉన్నాం. ఒహాయోలో నువ్వూ నీ పిల్లలూ బాగున్నారనుకుంటాను.

ముందు నా కోపం రాస్తాను, తక్కినవి తరవాత. ముప్ఫై రెండేళ్ల కిందట వంటింట్లో, అమ్మ ముందు, నిన్ను దొంగ అన్నాను. నువ్వు కాదనలేదు. టోపీ పెట్టుకుని ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయావు. అమ్మను పూడ్చిన రోజు కూడా తలుపు దగ్గరే నిలబడి, నోరు విప్పకుండా పోయావు. చెయ్యనివాడు ఒక్క మాటైనా అంటాడు. ఆ ఒక్క మాట అననందుకు ఇన్నాళ్లూ నీ మీద మండుతూనే ఉన్నాను.

ఈస్టరుకు నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు. నా మోకాలు వాన ముందు నొప్పి పెడుతుంది, మిగతా రోజుల్లో నడుస్తుంది. కొట్టం కప్పు పడమటి వైపు కూలింది, రేకు వేశాను. పియర్ చెట్టు కాస్తోంది గాని కాయలు పురుగులకే. ఎడ్నా సమాధి రాయి వంగితే నేనే నిలబెట్టాను. నా పెళ్లాం రాయి ఇంకొకడు ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇంకొకటి అడిగావు, నాన్న బంగారు నాణెం ఇంకా గోడ గడియారం పెట్టెలోనే ఉందా అని. అది చదివేసరికి ఒళ్ళు మండింది. పాడుచేసిన వాడే అడుగుతున్నాడు చూడు అనుకున్నాను.

నీకు గుర్తుండే ఉంటుంది. కొత్త సంవత్సరం నాడు పంది మాంసమూ పుల్ల క్యాబేజీ బల్ల మీదికి వచ్చాక, ఎవరూ తినకముందు, నాన్న ఆ నాణెం అందరి చేతులకూ తిప్పేవాడు. ఎప్పుడూ టోపీ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మే పైకి ఉండేది. వెనక గద్ద బొమ్మ వైపు నేను సరిగ్గా చూసింది నాన్న పోయాకే. ఆ చలికాలం అమ్మ నాణెంతో సహా నీ ఇంట్లో ఉంది. తిరిగొచ్చాక కిటికీ దగ్గర తిప్పి చూస్తే గద్ద రొమ్ము మీది డాలుకు అడ్డంగా ఆకురాయి గీతలు, ఏడో ఎనిమిదో. నువ్వు రంపాలు సానపట్టి బతికేవాడివి. బంగారం గీకి అమ్ముకున్నావనుకున్నాను. ఇంకేం అనుకోవాలి?

నీ ఉత్తరం చూసిన కోపం వేసవంతా తగ్గలేదు. పోయిన నెల నాణెం పట్టుకుని రెడింగ్ పట్నం వెళ్ళాను. అక్కడ పాత నాణేలు కొనే మిసెస్ గ్రీమ్ అనే ఆవిడ ఉంది. ఎంత బంగారం పోయిందో తూచి చీటీ రాసివ్వమన్నాను. ఆ చీటీ నీకు పంపి సిగ్గు తెప్పిద్దామని.

ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "పెద్దాయనా, దీన్ని గీకింది మీ ఇంట్లోవాళ్ళు కాదు. ఫిలడెల్ఫియాలో టంకశాలవాళ్ళు" అంది.

"ప్రభుత్వం తన నాణెం తనే గీక్కుంటుందా?" అన్నాను.

నవ్వి, కూర్చోమంది. ఈ నాణెం కొట్టిన 1799లో బంగారం బరువే డబ్బట. అందుకే దాని మీద ఐదు డాలర్లని కూడా రాసి లేదు. బిళ్ళ కాస్త బరువెక్కువైతే ఆకురాయితో గీకి సరిచేసేవాళ్ళట, ఆ తరవాతే బొమ్మ కొట్టేవాళ్ళట. గీతల అంచులు అచ్చు కింద అణిగి ఉన్నాయని చూపించింది. తరవాత ఎవరైనా గీకితే అంచులు పదునుగా లేచి ఉండేవట. కొనేవాళ్ళు ఆ గీతల్ని పెద్ద తప్పుగా చూడరట, కొందరికి అవంటే ముచ్చట కూడానట. తూస్తే బరువు సరిగ్గా ఉంది, చేతుల అరుగుదల వెంట్రుకంత తప్ప. మూడుసార్లు తూయించాను. నాలుగోసారి అడిగితే, "ఇంక నువ్వే తూచుకో తాతా" అని త్రాసు నా వైపు తోసింది. గీతలు టంకశాలవే, బరువు సరే అని చీటీ రాసిచ్చింది.

తరవాత నాణెం తిప్పి దీపం కింద వంచింది. ఆవిడ మొహం మారింది. "దీన్ని రుద్దిందెవరు?" అంది.

తెలీదన్నాను. అది అబద్ధం.

విల్మర్, రుద్దింది నేను. నువ్వు వెళ్ళిన శనివారం కొట్టంలో, గుర్రపు జీనుల ఇత్తడి తోమే పొడితో, తిరిగే చక్రం మీద పెట్టి రెండు వైపులా రుద్దాను. కొత్త సంవత్సరం నాడు అమ్మ కంట ఆ గీతలు మళ్ళీ పడకూడదని. గీతలు పోలేదు. నాణెం మాత్రం తలుపు గుబ్బలా మెరిసింది, బాగుందనుకున్నాను. వందేళ్లకు పైగా పట్టుకున్న రంగు అరగంటలో ఒలిచేశారంది ఆవిడ, ఆడమనిషి జుట్టు కూడా అరిగిపోయిందంది. ఆ ఏటి నాణేలు మిగిలినవి కొద్దిగా గనక ఎవరో ఒకరు కొంటారట, కాని మంచి నాణేల పక్కన దాన్ని ఎవరూ పెట్టరట.

అప్పట్నించి బల్ల మీద చీటీ ఒక పక్క, నాణెం ఒక పక్క పెట్టుకుని కూర్చుంటున్నాను. చీటీ చూస్తే ఆవిడ మాట నిజం. నాణెం చూస్తే మళ్ళీ నువ్వే కనిపిస్తావు. ఒక రోజు నమ్ముతాను, మర్నాడు నమ్మను. ఇన్నేళ్లు నీ మీద పెట్టుకున్న కోపం ఇప్పుడు ఎక్కడ దింపాలో తెలియడం లేదు. ఇంకోటి కూడా తొలుస్తోంది. నాన్నకు ఆ గీతలు తెలుసా? గద్దను ఎప్పుడూ కిందికి పెట్టింది అందుకేనా? నీకు చూపించి, నాకు చూపించలేదా? నీకు తెలిసే ఆ రోజు ఊరుకున్నావా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు?

చీటీ ఇందులోనే పెట్టాను, నీ దగ్గర ఉంచుకో. నాణెం మాత్రం అమ్మబోను. క్షమించమని ఈ ఉత్తరంలో ఎక్కడా లేదని నువ్వు చూసే ఉంటావు. రాయబోయి రెండు కాగితాలు పాడుచేశాను. నువ్వు ఎదురుగా ఉంటే నోటితో అంటాను.

డిసెంబరు ఇరవయ్యో తేదీన మాంసం కొట్టువాడికి కొత్త సంవత్సరం ముక్క ఎంతో చెప్పాలి. ఒకరికా, ఇద్దరికా? ఆ లోపు నీ జవాబు నా చేతిలో ఉండాలి.

ఇట్లు,
నీ అన్న
ఇర్విన్