గలగలమనని కుంకుళ్ళు

2006 జనవరి 20, శుక్రవారం

అబ్బాయి రఘురామ్ బీపీ ఎలా ఉంది? మాత్ర వేసుకున్నాడు, పర్వాలేదు. కోడలు ఛాయ మెడ నొప్పి? పట్టీ తీసేసింది. మనవరాలు ధాత్రి? కుంకుడు పొడి ముక్కులోకి పోయి తుమ్ముతూనే ఉంది. నేనా? గుండె దడ మామూలే.

నాకు ఉత్తరం తప్ప ఇంకో రాత రాదు. అందుకే ఇక్కడా క్షేమాలే ముందు. మైత్రీవనంలో కోచింగ్ వాళ్ళు ఊరికే ఇచ్చారని ధాత్రి ఈ డైరీ తెచ్చింది. నీ బెంగలన్నీ ఇందులో రాసుకో మామ్మా, మా చెవులకి రెస్ట్ అంది.

ధాత్రి సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ ఉద్యోగం మానేసి ఏడాదైంది. మేడ మీద గదిలో మిషను పెట్టి కుంకుడు పొడి చేసి అమీర్‌పేట హాస్టళ్ళ ఆడపిల్లలకి అమ్ముతోంది. కాయలు వరంగల్ అవతల ఒక అడవి ఊరి నుంచి వస్తాయి. అక్కడి వన సంరక్షణ సమితికి పోచమ్మ పెద్ద. వాళ్ళ కట్టుబాటు గట్టిది. శివరాత్రి వెళ్ళేదాకా ఎవరూ చెట్టెక్కకూడదు. కొమ్మ విరవకూడదు. పావు వంతు కాయ చెట్టుకే వదిలెయ్యాలి.

ఇప్పుడు పంజాగుట్ట అద్దాల బిల్డింగులో ఓ షాంపూ కంపెనీ రెండొందల కిలోల పొడి అడిగింది. అడవికి హాని చెయ్యని సరుకైతేనే అన్నారట. మార్చి నెలాఖరు గడువు. ఇది కుదరకపోతే మళ్ళీ ఉద్యోగంలో చేరతానని ధాత్రి వాళ్ళ నాన్నకి మాటిచ్చేసింది.

జనవరి 23

శివరాత్రి ఫిబ్రవరి 26. ఆ తర్వాత కొయ్యాలి, ఎండాలి, లారీ ఎక్కాలి. వాన పడితే? లారీ ఆగిపోతే? పోచమ్మకి జ్వరం వస్తే?

జనవరి 24, మధ్యాహ్నం రెండు

ధాత్రి ఖైరతాబాద్ వెళ్ళింది. పోచమ్మ ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేశాను. కాస్త ముందుగా పంపమన్నాను. ఇంట్లో చెప్పలేదు.

జనవరి 25

మళ్ళీ చేశాను.

జనవరి 27

మళ్ళీ చేశాను. లేటైతే కంపెనీ వాళ్ళు వేరేచోట కొనుక్కుంటారు అన్నాను. వాళ్ళలా అనలేదు. నేనే అన్నాను.

ఫిబ్రవరి 8

నాలుగు బస్తాలు దిగాయి. ధాత్రి, అప్పుడే ఎలా వచ్చాయి, పోయినేటివేమో అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఫిబ్రవరి 10, శుక్రవారం

ఏ బస్తా వచ్చినా ముందు నా తలకే. అందుకని ధాత్రి నన్ను టెస్టింగ్ డిపార్ట్‌మెంట్ అంటుంది. పొద్దున్నే తలకి నూనె పెట్టుకుని గుప్పెడు కాయలు తెచ్చుకున్నాను. ఒక్కోటీ చెవి దగ్గర ఆడించాను. చెట్టున పండిన కాయైతే లోపల గింజ గలగలమంటుంది. ఒక్కటీ అనలేదు. రాయి పెట్టి కొడితే తోలు గింజని వదల్లేదు. నానబెట్టి పిసికితే నురగ లేదు, పచ్చి వాసన. తొడిమలకి కొమ్మ ముక్కలు, వాటి మీద కత్తి గాట్లు.

పచ్చివి కోసేశారు. నా ఫోన్లకే.

చెబితే ఆర్డరు పోతుంది. పొడి కొట్టేశాక ఎవరికి తెలుస్తుంది? సోమవారం కంపెనీ నుంచి అచ్యుతరావు గారని ఒకాయన చూడ్డానికొస్తారు. పొడి చూస్తారు గానీ చెట్టుని చూడరు కదా.

తలంటుకోకుండా అలాగే కూర్చున్నాను. ఛాయ వచ్చి, ఏంటత్తయ్యగారూ, నూనె చీర మీదికి కారుతోంది అంది.

ఫిబ్రవరి 11

ఇంకా నూనె తలే.

ఫిబ్రవరి 12

చెప్పేశాను. మూడుసార్లా మామ్మా అంది ధాత్రి. నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు. పోచమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

పోచమ్మ గొంతు మేడ దిగి వీధిలోకి పోయింది. జర ఆగున్రి అని నేను మొత్తుకున్న, ముసలమ్మ ఫోన్ల మీద ఫోన్లు జేస్తుంది, పట్నంల ఏం మునిగిందో అని మావోళ్ళు కత్తులు పట్టుకొని ఉరికిన్రు అంది. మూడు చెట్ల కొమ్మలు పోయాయట. సమితి కూర్చుని నరికినవాళ్ళకి దండుగ వేసింది. ఎండాకాలమంతా కొత్త మొక్కలకి నీళ్ళు మొయ్యాలి. తప్పు సగం నీదే గద, నీకు సుత ఏస్తం అంది. వెయ్యమ్మా అన్నాను. ఏం వేస్తారో. నీళ్ళ బిందె నేను మొయ్యగలనా?

ఫిబ్రవరి 13

అచ్యుతరావు గారొచ్చారు. ధాత్రి తనే బస్తా విప్పి, ఇవి మీకివ్వనండి, శివరాత్రి వెళ్ళాక కోసినవే ఇస్తాను అంది. వంటింట్లో ఉండలేక నేనొచ్చి, తప్పు నాది బాబూ అనేశాను. కాయ చెవి దగ్గర ఆడించి చూపించాను. పోయినేటి కాయ ఒకటి డబ్బాలో ఉంటే అదీ ఆడించాను. ఆయన రెండూ చెవికి పెట్టుకుని చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ ఆడించుకున్నారు. మా ల్యాబులో ఈ టెస్టు లేదండీ అన్నారు. గడువు మార్చి నెలాఖరే. ఆ మూడు చెట్ల కాయ తగ్గితే తగ్గించే ఇవ్వమన్నారు. వెళ్తూ, బస్తా బస్తాకీ మీ మామ్మగారి సంతకం కావాలన్నారు. నాలుగో క్లాసుతో ఆగినదాని సంతకం!

పచ్చి కాయలు గిన్నెలు తోముకోడానికి ఉంచాం. ఇంక ఈ జన్మకి సబ్బు కొనక్కర్లేదు అన్నాడు రఘురామ్.

సాయంత్రం తలంటుకున్నాను. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 21

నా దండుగ తేలింది. పోచమ్మే ఫోన్ చేసింది. కాయ రాలే దినం నువ్వే రావాలె, చెట్టు కింద కూసొని చెవి పెట్టి ఊఁ అంటేనే బస్తా కడతం అంది. వద్దనడానికి నోరు తెరిచాను. సరే అని వచ్చింది.

బస్సు కుదుపులు. పాములు. మాత్రలు ఎన్ని పట్టుకెళ్ళాలి? శుక్రవారం గడప దాటకూడదు, గురువారమే బయల్దేరాలి. ధాత్రి టిక్కెట్లు తెచ్చేసింది.

ఫిబ్రవరి 27

శివరాత్రి వెళ్ళింది. ఫోన్ దగ్గరికి వెళ్ళలేదు.

మార్చి 3, శుక్రవారం. తలంటు ఇక్కడే, పోచమ్మ ఊళ్ళో.