సంతకం సరిపోలలేదు

గాజువాక,
జులై 9

మౌనవ్రతంలో ఉన్న శ్రీవారికి,

మీ భార్య కుసుమకుమారి నమస్కారం. మీరు ఇల్లు వదిలి మూడేళ్లయింది కనుక పేరు కూడా రాస్తున్నాను. ఫోన్ గోల భరించలేక దాన్ని ఎవరికో ఇచ్చేశారని విన్నాను. అందుకని ఈ వయసులో పోస్టాఫీసుకి వెళ్లి కవరు కొనాల్సి వచ్చింది. కౌంటర్లో అమ్మాయి నన్ను తవ్వకాల్లో దొరికిన వస్తువుని చూసినట్టు చూసింది.

విషయం ఏమిటంటే మన కారు పోయింది. దొంగలు ఎత్తుకుపోలేదు. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున్న సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే ఆగాను. నా వెనక ఇనుప చుట్టలు మోసుకొస్తున్న ట్రైలర్ ఆగలేదు. వెనక సీటు ముందుకి వచ్చింది, ముందు భాగం డివైడర్‌లోకి దూరింది. నాకు భుజం దగ్గర కమిలింది, అంతే. కంగారుపడి మీరు నోరు తెరుస్తారేమోనని ముందే చెబుతున్నాను.

ఇన్సూరెన్సు వాళ్ల సర్వేయర్ వచ్చి ఫోన్‌తో నలభై ఫొటోలు తీసుకున్నాడు. "ఈ వయసులో డ్రైవింగ్ ఎందుకమ్మా?" అన్నాడు. "ఆగి ఉన్న కారులో కూర్చోడానికి వయసుతో పనేముంది నాయనా?" అన్నాను. ఆ మాట రాసుకోలేదు. రిపేరు ఖర్చు బండి విలువలో ముప్పాతిక దాటుతుంది కనుక ఇది టోటల్ లాస్ అని తేల్చాడు. అంటే తుక్కు వాళ్లు తీసుకుని, పాలసీలో రాసిన విలువ మనకి ఇవ్వాలి. ఆ "ఇవ్వాలి" అన్నది ద్వారకానగర్‌లో, లిఫ్టు పనిచేయని మేడలో, మూడో అంతస్తులో ఉంది. ఇప్పటికి నాలుగుసార్లు ఎక్కాను. ఎక్కిన ప్రతిసారీ ఒక కొత్త కాగితం పుట్టించారు. ఆఖరికి మీరు కావాలన్నారు.

క్లెయిములు చూసే అధికారి పేరు జయంత్. ముప్పయ్యేళ్లుంటాయి, మర్యాదస్తుడే, అదే ఇబ్బంది.

"ఆర్సీ, పాలసీ రెండూ రమణమూర్తి గారి పేరునే ఉన్నాయి మేడం. ఓనర్ సంతకం పెట్టాల."

"ఆయన రారు."

"ఫోన్లో మాటాడించండి పోనీ."

"ఫోన్ లేదు. ఉన్నా మాట్లాడరు."

కాసేపు కంప్యూటర్ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "పోయారా మేడం?"

"యారాడ పోయారు, సముద్రం ఒడ్డుకి."

"అలక్కాదు మేడం. చనిపోయుంటే ఈజీ. వారసుల ఫార్మాట్ ఉంది. డెత్ సర్టిఫికెట్ పెడితే పదిహేను రోజుల్లో అయిపోద్ది. బతికుండి రానోళ్లకి మా దగ్గర ఫార్మాట్ లేదు."

నా దగ్గరా లేదు నాయనా అన్నాను.

మన అబ్బాయి తిరుమలరావు సంతోషంగా ఉన్నాడు. "ఇంక కారెందుకమ్మా, ఎక్కడికెళ్లాలన్నా నేను దింపుతాను కదా" అంటున్నాడు. వాడు దింపడమంటే, వాడికి తీరిక ఉన్న వేళ చూసుకుని నాకు పని పడాలి. ముప్పయిరెండేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి, నలభై నాలుగో ఏట స్టీరింగు పట్టినదాన్ని. మిగిలిన బతుకంతా ఎవరి పక్క సీట్లోనో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోలేను. ఈ డబ్బు వస్తే ఇంకో బండి కొంటాను, రాకపోతే లేదు. అందుకే అడుగుతున్నాను. అడగడం నాకెంత ఇష్టమో మీకు తెలుసు.

కాగితాలు జతచేశాను. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన మూడు చోట్ల సంతకం చేసి పంపండి. మాట్లాడక్కర్లేదు.

అలవాటు కొద్దీ గౌరవంతో,
కుసుమకుమారి


గాజువాక,
జులై 20

నూకాలు ఇంట్లో అద్దెకున్న పెద్దమనిషికి,

పది రోజులు చూసి నిన్న నేనే వచ్చాను. మూడు ఆటోలు మారి, కొండ రోడ్డు మలుపుల్లో నడుం విరిగి, ఎండలో దిగాను. నన్ను చూసి మీరు వెనక వాకిట్లోంచి ఇసకలోకి నడిచి వెళ్లిపోవడం కళ్లారా చూశాను. అరవై తొమ్మిదేళ్ల మనిషికి అంత వేగం ఉందని తెలిస్తే మీ మోకాళ్ల నూనెకి అన్నేళ్లు ఖర్చు పెట్టేదాన్ని కాదు.

మీ ఇంటి యజమానురాలు నూకాలు మంచిది. పీట వేసి కూర్చోబెట్టింది.

"ఏటమ్మా, ఎండనపడి వొచ్చేసినావు. ఆ బాబు మాటాడడు గానమ్మా, మడిసి బంగారం. నాను పులుసెట్టినా తింతాడు, అందల ఉప్పు మర్సిపోనా తింతాడు. ఒక్క మాటనడు."

"మా ఇంట్లో ముప్పయ్యారేళ్లు ఉప్పు గురించి తప్ప ఇంకోటి మాట్లాడలేదమ్మా" అన్నాను.

"అయితే ఆ మాటలన్నీ నీకాడే అయిపోనాయేటి మరి" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ కాగితాలు మీ బల్ల మీద ఉన్నాయి. దుమ్ము పట్టలేదు. అంటే తీసి చూస్తున్నారు, సంతకం పెట్టడం లేదు. నా మీద కోపం ఉంటే నా మీద చూపించండి. ఆ కంపెనీ తుక్కుని అమ్ముకుని, గడువు దాటిందని చెప్పి చేతులు దులుపుకోవడానికి ఎదురు చూస్తోంది. వాళ్ల పక్షాన మీరు పనిచేయక్కర్లేదు, దానికి జీతాలిచ్చి మనుషుల్ని వాళ్లే పెట్టుకున్నారు.

మీ ఇంటి మెట్టు దాకా వచ్చి తిరిగి వెళ్లిన,
కుసుమకుమారి


గాజువాక,
ఆగస్టు 1

ఏమండీ,

కాగితాలు అందాయి. చీటీ ముక్కయినా లేకుండా మూడు సంతకాలు పంపారు. పట్టుకెళ్లి ఇచ్చాను. నాలుగో రోజున కబురొచ్చింది: సంతకం సరిపోలలేదు.

జయంత్ కంప్యూటర్ నా వైపు తిప్పాడు. ఒక పక్క ఆరేళ్ల రెన్యువల్ ఫారాల మీద ఉన్న సంతకాలు. కుదురుగా, చివర తోక తిరిగి పేరు కిందుగా గీతయింది. ఇంకో పక్క ఇప్పుడు మీరు పెట్టినవి, ఈదురుగాలికి కొట్టుకొచ్చినట్టున్నాయి. మీ అసలు సంతకం మీద వేలు పెట్టి, "ఇది ఎవలో ఫోర్జరీ చేసినట్టుంది మేడం" అన్నాడు.

ఆ ఆరూ నేను పెట్టినవే. మీకు తెలుసు. మీరు పోర్టులో ఓడలు లాగే టగ్గు మీద రాత్రనక పగలనక ఉండేవారు, కాగితాలు ఆగేవి కావు. పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు మీద మొదటిసారి పెట్టమన్నది మీరే. తర్వాత గ్యాసు, బ్యాంకు, ఇంటి అప్పు, ఆఖరికి మీ పెన్షన్ పుస్తకం. కొన్నాళ్లకి మీరు అడగడం మానేశారు, నేను పెట్టడం మానలేదు.

నా మొహం చూసి జయంత్‌కి అర్థమైపోయింది. అటూ ఇటూ చూశాడు. "మేడం, అప్పుడెవలు పెట్టారో ఇప్పుడూ వాళ్లనే పెట్టీమనండి. మ్యాచ్ అయిపోద్ది. ఈ పూటకే క్లియర్ చేసేత్తాను. నాను అటు తిరిగున్నాననుకోండి." కొత్త ఫారం నా ముందుకి తోసి, నిజంగానే కిటికీ వైపు తిరిగాడు.

పెన్ను తీశాను. మీ పేరులో మొదటి అక్షరం దాకా చెయ్యి వెళ్లింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మీరు ఎందుకు వెళ్లిపోయారో మూడేళ్లుగా నాకు తెలియదు. మీకు ఆయాసమని, సముద్రపు గాలి కావాలన్నారని వీధిలో అందరికీ చెప్పుకొచ్చాను. చెప్పి చెప్పి నాకే మీ ఆయాసం వినిపించేది. యారాడ నుంచి తిరిగొచ్చిన రాత్రి తిరుమలరావుని నిలబెట్టి అడిగాను. మూడేళ్లు దాచినవాడు, నా కాళ్ల వాపు చూసి చెప్పాడు. వెళ్లే రోజు మీరు వాడితో అన్నారట: "మీ అమ్మకి నేను అక్కర్లేదురా. నా సంతకం కూడా నాకంటే తనే బాగా పెడుతుంది."

ఆ మాట నాతో అని ఉంటే జవాబు చెప్పేదాన్ని. అందుకే నాతో అనలేదని ఇప్పుడు తెలిసింది. నేను జవాబు చెప్పని మాట మన ఇంట్లో ఏదీ లేదు. దీనికి ఒక్కదానికే రెండు వారాలుగా జవాబు వెతుకుతున్నాను, దొరకలేదు. మీ మీద కోపం మాత్రం తగ్గలేదు. మనిషిని వదిలి పోయేటప్పుడు కారణం కొడుక్కి ఇచ్చి, భార్యకి కారు తాళాలిచ్చి పోయే పద్ధతి ఎక్కడా చూడలేదు.

పెన్ను మూత పెట్టేశాను. "పెట్టను నాయనా" అన్నాను.

పాత సంతకాలు నావేనని, ఇప్పటివి ఆయనవేనని రాసిస్తానన్నాను. జయంత్ గాభరా పడ్డాడు. అలా రాసిస్తే క్లెయిమ్ కొట్టేస్తారట, పైగా కేసు కూడా పెట్టొచ్చట. పెట్టుకోమనండి. వచ్చే శుక్రవారం ఎనిమిదో తేదీన ఆ కాగితం ఇస్తున్నాను. బండి ఇక రాదు. నేను పక్క సీటుకి అలవాటు పడాలి. మీరు చేయాల్సిందేమీ లేదు, తెలియాలని రాశాను.

కుసుమకుమారి


గాజువాక,
ఆగస్టు 18

అబద్ధాలకోరు రమణమూర్తి గారికి,

ఎనిమిదో తేదీన నా కాగితం పట్టుకుని మూడంతస్తులు ఎక్కాను. జయంత్ దాన్ని చదవకుండానే మడిచి నా చేతిలో పెట్టాడు. "ముందురోజు సార్ వచ్చారు మేడం" అన్నాడు.

మీరు చేసిన నిర్వాకం పూర్తిగా విన్నాను. ఎక్కొచ్చి, ఆయాసంతో కుర్చీలో పడి, ముందు మంచినీళ్లు అడిగారట. మూడేళ్ల తపస్సు తర్వాత లోకానికి మీరిచ్చిన తొలి పలుకు అది. మేనేజరు కూడా వచ్చి, ఆరేళ్ల ఫారాలు పరిచి, ఇవి ఎవరి సంతకాలని అడిగాడట.

"నావే."

"మరి మొన్నొచ్చిన ఈ మూడూ?"

"అవి మా ఆవిడ పెట్టింది. దానికి నా సంతకం ఎప్పుడూ సరిగ్గా రాదు."

వాళ్ల కళ్ల ముందే కొత్త ఫారం మీద పెట్టి చూపించారట. తోకతో సహా, గీతతో సహా. "తేడా లేదు మేడం, అచ్చు దిగిపోనాది" అని జయంత్ మురిసిపోయాడు. మొన్న నూకాలు ఎవరి ఫోన్ నుంచో చేసి మిగతాది చెప్పింది. "నీ ఉత్తరం వొచ్చిన కాడ్నించి ఆ పెన్సను పుస్తకం ముందరేసుకోని ఒకటే గీకుడమ్మా. సిన్నపిల్లోడు ఓనమాలు దిద్దుకున్నట్టు. కాయితాలన్నీ అయిపోనాయి, నా కేలండరు ఎనక్కూడా గీసీసినాడు."

నలభై ఏళ్లలో ఒక్కసారి నా తప్పు రాసివ్వడానికి సిద్ధపడ్డాను. అదీ లాక్కున్నారు. పైగా మేనేజరు ఎదురుగా నాకు సంతకం రాదన్నారు. ఇంతవరకు నన్నెవరూ ఏ పనీ రాదనలేదు. ఆ మాటకి ఒళ్లు మండి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రాత్రి నవ్వొచ్చింది. అది నా బలహీనత అనుకోండి, క్షమాపణ అనుకోకండి. మీరెక్కిన బస్సు మన ఇంటి మీదుగానే వెళుతుంది, దిగలేదు మీరు. అదీ గుర్తుంది.

డబ్బు పడింది. ఎందుకో చెప్పకుండా కొంచెం కోసుకునే వేశారు. ఏమీ కోయకుండా ఇస్తే వాళ్లకి రాత్రి అన్నం సయించదు కాబోలు. చిన్న బండి ఒకటి చూశాను, ఒకరు వాడినదే. ఈసారి నా పేరున తీసుకుంటున్నాను. తిరుమలరావు అలిగాడు.

ఇన్సూరెన్సు ఫారం అంతా నింపాను. నడిపేవాళ్లకి ఏదైనా అయితే ఎవరికి ఇవ్వాలో రాయమన్న చోట మీ పేరు రాశాను. సంబంధం అన్నచోట భర్త అని రాశాను. దాని కింద మీ చిరునామా అడిగారు. గాజువాక అని రాసేయడం నా చేతికి నిమిషం పని, చెయ్యి బయల్దేరింది కూడా. వెనక్కి తీసుకున్నాను.

ఫారం ముందుగదిలో బల్ల మీద ఉంది. శుక్రవారం దాకా గడువు. యారాడ అని రాసి వెళ్లిపోయినా నేనేమీ అనను, అనకుండా ఉండటం నాకు కష్టమే అయినా. ఆ గడి మాత్రం నేను నింపను. వచ్చి మీ చేత్తో రాయండి.

కుసుమకుమారి