లేచేదాకా ఆగాను

అన్నయ్యకు,

నమస్కారం. నువ్వూ వదినా బుజ్జిగాడూ కులాసా అనుకుంటాను. నేను బాగానే ఉన్నాను. నుదుటి మీద కుట్లు తప్ప నిజంగానే బాగున్నాను. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వకుండా "ఆ పని మానెయ్యి, లేదా ఇంటికొచ్చెయ్యి" అని ఒకటే అరుపులు. అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదివి తర్వాత తిట్టు.

నేనుండే ఈ పాపటోయిటోయి పేటలో వారం నుంచీ ముసురు, ఒకటే చలి. ఆ మధ్యాహ్నం నేను పనిచేసే డెయిరీలో నేనూ ఓనర్ అంకులూ ఉన్నాం. డెయిరీ అంటే ఇక్కడ వీధి చివరి కిరాణా కొట్టులే. ఆయన ఫిజీలో పుట్టిన భారతీయుడు, నన్ను బేటీ అంటాడు, నాకు పెట్టకుండా తాను అన్నం తినడు. ముసుగేసుకుని ఒకడు సుత్తితో వచ్చాడు. కౌంటర్ అద్దం భళ్ళున పగలగొట్టి, ఇక్కడ బంగారం ధర పలికే సిగరెట్ల కోసం లోపలికి దూకాడు. గాజుపెంకు నా నుదుట్లో దిగింది.

భయపడ్డాననుకుంటున్నావా? ఒళ్ళు మండిపోయింది. మన టీవీ గేమ్ గుర్తుందా? కేసెట్ ఉఫ్ మని ఊది పెట్టేవాడివి. ఆ ఫైటింగ్ గేమ్ మూడు భాగాలూ అరగదీశాం. నేనెప్పుడూ కూర్చుని కాళ్ళ మీదే కొట్టేదాన్ని, నువ్వు "దొంగాట, దొంగాట" అని గోల పెట్టేవాడివి. ఆ తర్వాత చాప మీద అసలు యుద్ధం. నేను విసిరిన రిమోట్ తగిలి నీ ముందు పన్ను విరిగి, చొక్కా అంతా రక్తం. అప్పుడు రూల్ పెట్టింది నువ్వే. "గేమ్‌లో లాగే కొట్టుకోవాలి. పడ్డోళ్ళు లేచేదాకా ఆగాలి."

కౌంటర్ వెనక కూర్చున్నాను. షట్టర్ లాగే ఇనప కడ్డీ చేతికి దొరికింది. వాడి మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చాను. గావుకేక పెట్టి పడ్డాడు. నేను లేచి నిలబడి, కడ్డీ ఎత్తి, ఆగాను. అన్నయ్యా, వాడు లేచేదాకా ఆగాను! చిన్నప్పటి అలవాటు, చెయ్యి కదిలితే ఒట్టు. వాడు లేస్తూనే నా తలకు గురిపెట్టి సుత్తి విసిరాడు. అంకుల్ అడ్డం వచ్చాడు. ఆయన మోచెయ్యి విరిగిన చప్పుడు విన్నాను. ఇక ఆగలేదు. భుజం, వీపు, ఎక్కడ దొరికితే అక్కడ బాదాను. కుంటుతూ పారిపోతుంటే వీధి మలుపులో పోలీసులు పట్టుకున్నారు.

అంకుల్‌కు ఆపరేషన్ అయింది. వేళ్ళు ఇంకా కదలడం లేదు. హాస్పిటల్లో ఆంటీ, అంకుల్ భార్య, నా చెయ్యి పట్టుకుని, "వాడు పడిపోయాడు కదా బేటీ, మరి ఎందుకాగావు?" అంది. కోపంగా కాదు, అర్థంకాక అడిగింది. నన్ను ఆపింది నీ రూలే. నీ మీద కోపం లేదంటే అబద్ధం.

అమ్మకు కుట్ల సంగతి చెప్పకు. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపు, అంకుల్‌కు ప్రాణం. వదినకు నమస్కారాలు, బుజ్జిగాడికి ముద్దులు.

రేపు పొద్దున ఆంటీ షాపు తెరుస్తోంది. ఒక్కతే తెరుస్తానంటోంది. నేను వెళ్తున్నాను. పెద్దవాడివి, దీవించు. ఆపకు.

నీ చెల్లెలు,
లత