పద్నాలుగు రకాల పరువు

పిస్కాటవే, సోమవారం

జ్ఞానప్రసూన ఆంటీకి నమస్తే,

తెలియని నంబరైతే ఫోన్ ఎత్తనన్నారు కదా, అందుకే మీ మెయిల్‌బాక్స్‌లో ఈ ఉత్తరం పెడుతున్నాను. మీ బ్యాక్‌యార్డ్‌లో నేను తాడు కట్టిన మీటరు చదరంలో పద్నాలుగు రకాల మొక్కలున్నాయి! ఈ ఊళ్లో నేను చూసిన మిగతా పదకొండు ఇళ్లలో ఆరేడుకు మించలేదు. నా పీహెచ్‌డీకి ఇదే ముఖ్యమైన చోటు. శుక్రవారం మా ప్రొఫెసర్ స్వయంగా వచ్చి ఆ పద్నాలుగూ చూసి ఔనంటేనే నా లెక్క చెల్లుతుంది.

ఉంటాను,
స్మృతి

తా.క. మొన్నటి పెసరట్టుకు థాంక్స్. దాని నెయ్యి ఇంకా నా నోట్‌బుక్‌లో ఉంది.

మంగళవారం

చిరంజీవి స్మృతికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి తల కొట్టేసినట్టయింది. అందరిళ్లలో ఆరేడైతే మా ఇంట్లోనే పద్నాలుగు రకాల కలుపా? దాన్ని యూనివర్సిటీలో రాసిపెడతావా? పైగా ప్రొఫెసర్‌గారు చూడ్డానికి వస్తారా! మీ అంకుల్‌ని నిలదీస్తే, "వారం వారం లాన్‌లో గడ్డి కోస్తూనే ఉన్నా కదా" అని గొణిగారు. నువ్వేం దిగులుపడకు. పొద్దున్నే పీట వేసుకుని కూర్చుని, నీ తాడు కదలకుండా, మొత్తం వేళ్లతో సహా పీకేశాను. ఇప్పుడక్కడ ఒక్క రకం కూడా లేదు. ఆయన్ని నిశ్చింతగా రమ్మను.

ఇట్లు,
జ్ఞానప్రసూన

తా.క. ముగ్గు కూడా వేయమంటావా?

బుధవారం

ఆంటీ,

నమస్తే కూడా రాయలేకపోతున్నాను. ఎక్కువ రకాలుంటేనే మంచిది ఆంటీ! అన్ని రకాలు కలిసి బతుకుతున్నాయంటే ఆ నేల బాగున్నట్టు. మీదే ఫస్ట్ ర్యాంక్. ఆ ముక్క నేను రాయలేదు, తప్పు నాదే. ఇప్పుడు ప్రొఫెసర్‌కి ఏం చూపించను? వచ్చే సమ్మర్ దాకా ఆగాలి, ఏడాది పోయినట్టే. ఏడుపొస్తోంది.

స్మృతి

తా.క. ముగ్గు వద్దు.

గురువారం

బంగారుతల్లి స్మృతికి,

ఫస్ట్ ర్యాంకని ముందే చెప్పి ఉంటే వీధంతా పిలిచి చూపించేదాన్ని. నిన్న నాకు అన్నం సయించలేదు. కానీ పారేశానని నేనెక్కడ రాశాను? ఆకుకూరలు బాగుచేసిన చేయి కదా, పీకినవాటిని పీకినట్టే పేపర్ మీద ఏ రకానికి ఆ రకం వేరుచేశాను. పచ్చగా ఉన్నవాటిని చెత్తలో వేయడానికి మనసొప్పక, ఒక్కో రకాన్ని ఒక్కో పెరుగు డబ్బాలో నాటాను. అన్నీ బతికాయి. అయితే నీ లెక్కే తప్పు. డబ్బాలు పదిహేనయ్యాయి. చూడ్డానికి ఒకేలా ఉన్న గడ్డి రెండు రకాలుగా ఉంది. ఒకదాని కాడ మీద నూగుంది, రెండోది నున్నగా ఉంది. నువ్వు కళ్లతో చూశావు, వేళ్లతో చూడలేదు.

ఆశీస్సులతో,
ఆంటీ

తా.క. డబ్బాలు తిరిగివ్వాలి. మూతలు నా దగ్గరే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం

ఆంటీకి రెండు చేతులా నమస్తే,

మీరు వంటింట్లోంచి బయటికి రానేలేదు, అందుకే రాస్తున్నాను. ప్రొఫెసర్ మీ డబ్బాల ముందు మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు చూశారు. పదిహేనూ కరెక్టే! పీకిన సంగతి దాచకుండా రాయమన్నారు. 'ఇంటివారు శుభ్రం చేశారు' అని రాశాను. ఆ ఖాళీ చదరంలో ఏవేవి తిరిగొస్తాయో కూడా చూడమన్నారు. నా ఏడాది దక్కింది ఆంటీ, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కానీ ఆ రెండు రకాల గడ్డినీ మిగతా పదకొండు ఇళ్లలోనూ నేను ఒకటిగానే రాసేసి ఉంటాను. రేపు అన్నీ మళ్లీ తడిమి చూడాలి. నాతో వస్తారా? అంకుల్ డ్రైవ్ చేస్తానన్నారు. పీట తెచ్చుకోండి. పీకకూడదు.

మీ స్మృతి

తా.క. డబ్బాలు ఇప్పట్లో రావు. మీ పేరు రాసి ల్యాబ్ కిటికీలో పెట్టారు.

ఇంకో తా.క. ఖాళీ చదరంలో అప్పుడే ఒక మొలక వచ్చింది. తోటకూరలాగే ఉంది. దయచేసి పప్పులో వేయకండి.