ఆఖరి సీజన్‌ని ఎంతమంది చూశారంటే

స్వాతీ,

నువ్వు చిన్నప్పటి నుంచి చూసిన ఆ అంతరిక్ష సీరియల్ అయిపోయిందమ్మా. కొత్త సీజన్ వచ్చినప్పుడల్లా ఎంతమంది చూశారో పాత సీజన్లతో పోల్చేదానివి. సంఖ్య తగ్గితే, "ఆపేస్తారేమో నాన్నా" అని దిగులుగా కూర్చునేదానివి.

డెంగ్యూ నిన్ను తీసుకుపోయాక, అమ్మా నేనూ ఆ సీరియల్‌ని మొదటి సీజన్ నుంచి చూడడం మొదలుపెట్టాం. నేను ఆఫీసు నుంచి రాగానే టీ తాగుతూ ఒక ఎపిసోడ్ చూస్తాం. ఇక ఆఖరిదొక్కటే మిగిలింది. కథ సగం అర్థం కాదు. ఆదివారాలు నీ స్నేహితురాలు నేహ మయూర్ విహార్‌లోని మనింటికి వచ్చి విడమరిచి చెబుతుంది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది హిందీయే.

ఇవాళ ఆఖరి సీజన్ లెక్కలు వచ్చాయి. నేహ ఫోన్‌లో చూసి, "అంకుల్, సబ్‌సే కమ్" అంది. అన్ని సీజన్లలోకీ ఇదే తక్కువట.

అమ్మ ఒప్పుకోలేదు. "అదెలా తగ్గుతుందే? మనింట్లో ఇదివరకు స్వాతి ఒక్కతే చూసేది. ఇప్పుడు ఇద్దరం చూస్తున్నాంగా!" అంది.

నేహ అమ్మ చెయ్యి పట్టుకుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "లాస్ట్ ఎపిసోడ్ లగా దూఁ, అంకుల్?" అని టీవీ రిమోట్ అందుకుంది.

ఇవాళ పెట్టొద్దన్నాను.

నాన్న