రాయప్పకు ఉన్ని బనియన్లు

ఆరోగ్యం,

నువ్వు గుడిలో పూజ నుంచి వచ్చేసరికి నేను గుంటూరు రైల్లో ఉంటాను. గేదెకు కుడితి పెట్టాను. పంతులుగారి చొక్కాలు బల్ల మీద ఉన్నాయి, వస్తే ఇచ్చెయ్యి.

మీ తమ్ముడు రాయప్ప ఉత్తరం కుట్టుమిషను సొరుగులో ఉంది. పటాలంలో వాళ్ళకు కాశ్మీరు మంచులో కాళ్ళకు చెక్కలు కట్టుకుని జారడం నేర్పుతున్నారనేదాకా మొన్న నువ్వు పాలు పితుకుతుంటే చదివి వినిపించాను. మిగతాది మింగేశాను. నేను కుట్టి పంపిన నూలు బనియన్లు చెమటకు తడిసి, ఛాతీ మీదే గడ్డకడుతున్నాయట.

"ఒంటికి తగిలేది పల్చనిదైనా ఉన్నిదే ఉండాల" అని నువ్వంటే, "దర్జీని నేనా, నువ్వా?" అని కసిరాను. ఉన్ని ఖరీదని వెనకాడాను. నూలు గుడ్డ రెండు మడతలు వేసి కుట్టి, మన రెంటచింతల ఎండలో తొడుక్కుని చూశాను. చెమటలు కారేసరికి ఈ వెచ్చదనం చాలనుకున్నాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఎదురుగా చెప్పే మొహం లేక ఇలా రాస్తున్నాను.

గుంటూరులో పటాలంవాళ్ళ పాత ఉన్ని బనియన్లు చవగ్గా దొరుకుతాయట. కొని అక్కణ్ణుంచే పంపిస్తాను.

శౌరయ్య

వాడి ఉత్తరం చివర చూడు. "అక్కకు చెప్పమాక బావా, నిన్ను తిట్టుద్ది" అని రాశాడు. అంత చలిలో వణుకుతూ కూడా వాడు నన్నే వెనకేసుకొచ్చాడు.